కారు ప్రమాదంలో పిల్లల తలకు దెబ్బ: తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డకు ఇప్పుడే దెబ్బ తగిలి ఉంటే ముందుగా 2వ, 3వ ప్రశ్నలకు జవాబులు చదవండి. మిగతావి తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

1. తల ఎక్కడా కొట్టుకోలేదు, గీత కూడా పడలేదు. అయినా మెదడుకు గాయం అవుతుందా?

అవుతుంది. పుర్రె లోపల మెదడు పలచటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. కారు ఒక్కసారిగా ఆగితే బెల్టు ఛాతీని పట్టి ఆపుతుంది కానీ తలను ఆపేది ఏదీ ఉండదు. తల ముందుకు ఊగి వెనక్కి వస్తుంది. ఆ ఊపుకి మెదడు ఒక వైపు పుర్రెకు కొట్టుకుని, మళ్ళీ ఎదుటి వైపు కొట్టుకుంటుంది. అందుకే దెబ్బ నుదుటికి తగిలినా ఒక్కోసారి స్కాన్‌లో కమిలిన చోటు తల వెనక భాగంలో కనిపిస్తుంది.

తల పక్కకు మెలి తిరిగితే నష్టం ఇంకా ఎక్కువ. మెదడులోని పొడవాటి నరాల తంతువులు సాగి, కొన్ని తెగిపోతాయి. దీన్ని డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజ్యురీ అంటారు. పక్క నుంచి గుద్దిన ప్రమాదాల్లో, కారు పల్టీ కొట్టినప్పుడు దీన్ని ప్రత్యేకంగా అనుమానించాలి.

పెద్దలతో పోలిస్తే పిల్లలకు ముప్పు ఎక్కువ కావడానికి కారణాలు వాళ్ళ ఒంట్లోనే ఉన్నాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు తల పొడవే మొత్తం పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో అది ఏడో వంతో, ఎనిమిదో వంతో. అంత బరువైన తలను మోసే మెడ కండరాలు ఇంకా బలపడవు. పుర్రె ఎముక పలచగా ఉంటుంది. మెదడులో నీటి శాతం ఎక్కువ, నరాల చుట్టూ ఉండే కొవ్వు తొడుగు పూర్తిగా ఏర్పడి ఉండదు.

2. ప్రమాదం జరిగిన చోట మొదటి నిమిషాల్లో ఏం చేయాలి?

అంబులెన్సుకు ఫోన్ చేయించండి. ఆలోగా చూడాల్సింది మూడే: ఊపిరి ఆడుతోందా, రక్తం ధారగా పోతోందా, మెడ కదలకుండా ఉందా.

కారుకు మంటలు, పొగ, మరో వాహనం గుద్దే భయం లాంటివి లేకపోతే బిడ్డను బయటకు లాగకండి. కార్ సీటులో బెల్టుతో ఉన్న పిల్లలు మెలకువగా ఉండి, ఊపిరి సరిగ్గా తీసుకుంటుంటే సహాయం వచ్చేదాకా ఆ సీటులోనే ఉంచవచ్చు. రెండు అరచేతులూ తలకు రెండు వైపులా ఆనించి నిశ్చలంగా పట్టుకోండి. మెడను సరిచేయాలని చూడకండి.

ఊపిరి ఆడకపోతే మాత్రం మెడ సంగతి రెండోది. బిడ్డను బయటకు తీసి సమతలంగా పడుకోబెట్టి ఊపిరి అందించాల్సిందే. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. చిన్నపిల్లల తల వెనక భాగం పెద్దగా ఉంటుంది కాబట్టి గట్టి నేల మీద పడుకోబెడితే గడ్డం ఛాతీ వైపు వంగి గాలి దారి మూసుకుపోతుంది. భుజాల కింద ఒక మడత తువ్వాలు పెడితే మెడ తిన్నగా అవుతుంది. దిండు తల కింద పెట్టకూడదు, పెడితే ఇంకా వంగుతుంది.

వాంతి వస్తుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు పట్టుకుని ఒళ్ళంతా ఒకేసారి పక్కకు తిప్పండి. తలను ఒక్కదాన్నే తిప్పవద్దు.

నెత్తి మీద గాయం నుంచి రక్తం చాలా ఎక్కువగా కారుతుంది. శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టండి, తడిస్తే దాని మీదే మరొకటి పెట్టండి. వేలి కింద ఎముక గుంట పడినట్టో, కదిలినట్టో అనిపిస్తే గట్టిగా నొక్కకుండా గాయం అంచుల చుట్టూ మాత్రమే ఒత్తండి. చెవి, ముక్కు నుంచి రక్తం గానీ నీరు గానీ వస్తుంటే దూది కుక్కవద్దు, బయటకు పోనివ్వండి. పసిబిడ్డలో ఒంట్లో ఉండే రక్తమే తక్కువ కాబట్టి నెత్తి గాయం ఒక్కటే రక్తం చాలక ప్రాణం మీదికి వచ్చే షాక్‌లోకి తీసుకెళ్ళగలదు.

నీళ్ళు, పాలు, బిస్కెట్లు ఏవీ పెట్టవద్దు. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. స్పృహ సరిగా లేనివాళ్ళకు తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

3. ఏ లక్షణాలు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు?

- లేపితే లేవకపోవడం, లేచినా వెంటనే మగతలోకి జారిపోవడం
- పదేపదే వాంతులు
- తగ్గకుండా పెరుగుతూ పోయే తలనొప్పి
- ఫిట్స్
- ఒక కంటిపాప పెద్దగా, మరొకటి చిన్నగా ఉండటం
- ఒక చెయ్యి లేదా కాలు బలహీనపడటం, నడక తూలడం, మాట ముద్దగా రావడం
- ముక్కు లేదా చెవి నుంచి నీళ్ళలాంటి ద్రవం కారడం
- రెండు కళ్ళ చుట్టూ, లేదా చెవి వెనక ఎముక మీద నల్లగా కమలడం
- ఎవరు ఎక్కడున్నారో గుర్తుపట్టకపోవడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం

కళ్ళ చుట్టూ, చెవి వెనక కమలడం పుర్రె అడుగు భాగం చిట్లిందనడానికి గుర్తు. ఇది కొన్ని గంటల తర్వాత గానీ కనిపించకపోవచ్చు. కాబట్టి ఆసుపత్రిలో చూసినప్పుడు లేదని, సాయంత్రానికి కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి.

జాబితాలో లేనిది ఇంకొకటి ఉంది. "మా పాప ఎప్పటిలా లేదు" అని మీకు అనిపిస్తే అది కూడా లక్షణమే. అత్యవసర విభాగాల్లో స్కాన్ తీయాలా వద్దా అని తేల్చే నియమాల్లో, రెండేళ్ళలోపు పిల్లల విషయంలో, తల్లిదండ్రుల ఈ మాటకు అధికారికంగా చోటు ఉంది. డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి. ఎప్పటిలా లేదంటే ఎలా లేదో కూడా చెప్పండి: పిలిస్తే చూడటం లేదా, ఎత్తుకున్నా ఏడుపు ఆపడం లేదా, ఇష్టమైన బొమ్మను కూడా పట్టించుకోవడం లేదా.

4. మాటలు రాని పసిబిడ్డకు తలనొప్పి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పాలు తాగకపోవడం, ఆగని ఏడుపు, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడవడం, చూపు నిలపకపోవడం, ఒళ్ళు వేలాడేసినట్టు ఉండటం చూడాలి. నడినెత్తిన మాడును వేలి కొసతో తాకి చూడండి. బిడ్డ ఏడవకుండా, నిటారుగా ఉన్నప్పుడు అది మెత్తగా, సమంగా లేదా కాస్త లోపలికి ఉండాలి. బిగుసుకుని పైకి ఉబ్బి ఉంటే లోపల ఒత్తిడి పెరిగినట్టే.

బొప్పి ఎక్కడ కట్టిందనేది కూడా ముఖ్యం. నుదుటి మీద బొప్పి కంటే కణత మీద, పక్కన, వెనక కట్టిన మెత్తటి పెద్ద బొప్పి ఎక్కువ అనుమానించాల్సినది. కింద ఎముక చిట్లి ఉండే అవకాశం ఎక్కువ.

5. ప్రమాదం తర్వాత బాగానే మాట్లాడాడు, నడిచాడు. రెండు గంటలకు మగతగా అయిపోయాడు. అలా ఎందుకు జరుగుతుంది?

పుర్రె ఎముకకు, మెదడు పై పొరకు మధ్య రక్తం చేరడం వల్ల కావచ్చు. దీన్ని ఎపిడ్యూరల్ హెమటోమా అంటారు. కణత దగ్గర ఎముక చిట్లినప్పుడు దాని లోపలి వైపు ఆనుకుని ఉన్న రక్తనాళం తెగుతుంది. మొదట్లో చేరిన రక్తం కొద్దిగానే ఉంటుంది కాబట్టి బిడ్డ మామూలుగానే కనిపిస్తాడు. గడ్డ పెరిగి మెదడును నొక్కడం మొదలుపెట్టాక తలనొప్పి, వాంతి, మగత, ఆ తర్వాత కంటిపాప పెద్దదవడం వరసగా వస్తాయి. ఈ వరస మొదలయ్యాక ఉండే సమయం చాలా తక్కువ. వెంటనే పుర్రె తెరిచి గడ్డ తీసేస్తే కోలుకునే అవకాశం బాగా ఉన్న గాయం ఇది. ఆలస్యమైతే ప్రాణాంతకం.

అందుకే "బాగానే ఉన్నాడు కదా" అని ఇంటికి తీసుకెళ్ళిపోవడం మంచిది కాదు. పెద్ద ప్రమాదమైతే లక్షణాలు లేకపోయినా కొన్ని గంటలు వైద్యుల కళ్ళ ముందు ఉండాలి.

6. సీటీ స్కాన్ తప్పనిసరా? రేడియేషన్ వల్ల హాని లేదా?

అందరికీ అక్కర్లేదు. తలకు ఒక సీటీ తీస్తే సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది. దానివల్ల భవిష్యత్తులో క్యాన్సర్ వచ్చే ముప్పు చాలా చిన్నది, కానీ సున్నా కాదు, వయసు తక్కువైన కొద్దీ పెరుగుతుంది. అవసరమైన చోట మాత్రం ఆ ముప్పు లెక్కలోకి రాదు. గడ్డను కనిపెట్టకపోవడమే అసలు ప్రమాదం.

ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడే నియమం పీకార్న్. అమెరికాలో 40 వేలకు పైగా పిల్లలను పరిశీలించి 2009లో ప్రచురించారు. స్పృహ స్థాయి తేడాగా ఉన్నా, పుర్రె చిట్లిన గుర్తులు ఉన్నా స్కాన్ తీయాలని అది చెబుతుంది. కాసేపు స్పృహ తప్పడం, రెండేళ్ళు దాటినవాళ్ళలో వాంతులు లేదా తీవ్రమైన తలనొప్పి, ప్రమాదం తీవ్రంగా ఉండటం లాంటివి ఉంటే స్కాన్ తీయడమో, కొన్ని గంటలు గమనించడమో డాక్టరు నిర్ణయిస్తారు. ఇవేవీ లేకపోతే మెదడుకు ప్రమాదకరమైన గాయం ఉండే అవకాశం రెండేళ్ళలోపు వాళ్ళలో 0.02 శాతం కంటే తక్కువ, పెద్ద పిల్లల్లో 0.05 శాతం కంటే తక్కువ.

తీవ్రమైన ప్రమాదం అంటే ఏమిటో కూడా ఆ నియమంలోనే ఉంది: బిడ్డ కారులోంచి బయటకు విసిరివేయబడటం, కారు పల్టీ కొట్టడం, అదే కారులో మరొకరు చనిపోవడం, నడుస్తూనో, హెల్మెట్ లేకుండా సైకిల్ మీదో ఉన్న బిడ్డను వాహనం గుద్దడం. ఈ నాలుగింటిలో ఏది జరిగినా అడగకముందే డాక్టరుకు చెప్పండి. ఆసుపత్రికి తెచ్చినవాళ్ళు వేరు, ప్రమాదం చూసినవాళ్ళు వేరు అయినప్పుడు ఈ సమాచారమే దారిలో పోతుంటుంది.

పుర్రె ఎక్స్‌రే నార్మల్‌గా వచ్చినంత మాత్రాన మెదడు బాగున్నట్టు కాదు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, మెదడు కనిపించదు.

7. స్కాన్ నార్మల్ అన్నారు. ఇక భయం లేనట్టేనా?

ఆపరేషన్ చేయాల్సిన గడ్డ లేదని అర్థం. అది పెద్ద ఊరటే. కానీ గాయమే లేదని కాదు. కుదుపుకు మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. కంకషన్‌లో సీటీ నార్మల్‌గానే ఉంటుంది. అక్కడ గడ్డ కట్టలేదు, కణాల పనితీరు గాడి తప్పింది, అది చిత్రంలో పడదు. నరాల తంతువులు తెగినప్పుడు కూడా సీటీ దాదాపు మామూలుగా ఉండొచ్చు. బిడ్డ పరిస్థితికీ స్కాన్‌కీ పొంతన లేకపోతే ఎమ్మారై తీస్తారు, అందులో చిన్న చిన్న రక్తపు చుక్కలు కూడా తెలుస్తాయి.

మెడ గురించి కూడా అడగండి. పిల్లల వెన్నెముక సాగే గుణం ఎక్కువ కాబట్టి ఎముకలు చెక్కుచెదరకుండానే లోపలి వెన్నుపాముకు దెబ్బ తగలొచ్చు. చేతులు కాళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, బలం తగ్గడం ఏ కాస్త ఉన్నా ఎక్స్‌రే బాగుందని వదిలేయకూడదు. పొట్ట మీద బెల్టు పడిన చోట కమిలిన చార ఉంటే పేగులకు, నడుము ఎముకకు కూడా పరీక్ష కావాలి. తల మీద ధ్యాసలో పడి పొట్టను మరిచిపోవడం జరుగుతుంటుంది.

8. రిపోర్టులో జీసీఎస్ 13 అని రాశారు. అంటే ఏమిటి?

గ్లాస్గో కోమా స్కేల్. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అతి తక్కువ 3. సాధారణంగా 13 నుంచి 15 వస్తే స్వల్ప గాయం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువ తీవ్రం. మాటలు రాని పిల్లలకు మాట బదులు ఏడుపు, ఊకొట్టడం, కేరింతలు చూసి అంకె వేస్తారు.

ఒక్క అంకె కంటే అది ఎటు కదులుతోందన్నది ముఖ్యం. 15 నుంచి 13కు దిగితే, 13 దగ్గర నిలకడగా ఉన్నదానికంటే ఎక్కువ కంగారుపడాలి. "స్వల్పం" అన్న మాట మొదటి రోజు స్పృహ గురించే. ఆ తర్వాత బిడ్డ పడే ఇబ్బంది కూడా స్వల్పంగానే ఉంటుందని ఆ మాట హామీ ఇవ్వదు.

9. ఇంటికి పంపించారు. నిద్రపోనివ్వొచ్చా?

డాక్టరు చూసి పంపాక నిద్రపోవడంలో తప్పు లేదు, మెదడుకు నిద్ర అవసరం కూడా. రాత్రి లేపమని చెప్పి ఉంటే ఎన్ని గంటలకోసారో అడిగి తెలుసుకోండి. లేపడమంటే భుజం తట్టి కదిలితే చాలనుకోవడం కాదు. లైటు వేయండి, పేరు పెట్టి పిలవండి. కళ్ళు తెరిచి మిమ్మల్ని చూడాలి. మాటలు వచ్చిన బిడ్డ అయితే "నేనెవరు?", "నీ బొమ్మ ఏది?" లాంటి ప్రశ్నకు తన మామూలు గొంతుతో, విసుగ్గానైనా సరే, జవాబు చెప్పాలి. చిన్నబిడ్డ అయితే విసుక్కుని మీ చెయ్యి తోసేయాలి, లేదా పాలకు నోరు తెరవాలి. రెండు చేతులూ సమానంగా కదులుతున్నాయా చూసి పడుకోబెట్టండి. గట్టిగా కదిపినా లేవకపోతే ఆసుపత్రికే.

మొదటి 24 గంటలు బిడ్డ పక్కన పెద్దవాళ్ళు ఒకరు మెలకువగా అందుబాటులో ఉండాలి.

10. నొప్పికి ఏ మందు ఇవ్వాలి?

పారాసెటమాల్. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకుండా. 12 కిలోల బిడ్డకు ఒక్కసారికి 180 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.కి 120 మి.గ్రా. అని ఉంటే 7.5 మి.లీ., 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంటే 3.6 మి.లీ. సీసా మారితే కొలత మారుతుంది, చెంచా లెక్కన పోయడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మందుతో వచ్చిన సిరంజి వాడండి. మూడు నెలల్లోపు బిడ్డకు డాక్టరును అడగకుండా ఏదీ ఇవ్వవద్దు.

ఐబుప్రోఫెన్ రక్తం గడ్డకట్టడాన్ని కాస్త తగ్గిస్తుంది కాబట్టి మొదటి ఒకటి రెండు రోజులు వద్దు. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు. నిద్ర మందులు, మగత తెచ్చే జలుబు మందులు కూడా ఆపండి. వాటి మగతను గాయం మగత నుంచి విడదీసి చెప్పడం కుదరదు.

11. కంకషన్ అన్నారు. ఎన్ని రోజులు విశ్రాంతి? బడికి, ఆటలకు ఎప్పుడు?

చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. దానివల్ల లక్షణాలు ఎక్కువ రోజులు ఉంటాయని తెలిసింది. ఇప్పుడు చెప్పేది 24 నుంచి 48 గంటల పాటు ఇంట్లో తేలికపాటి విశ్రాంతి: చిన్నగా నడవొచ్చు, మాట్లాడొచ్చు, బొమ్మలతో ఆడుకోవచ్చు. ఫోను, టీవీ ఆ రెండు రోజులు వీలైనంత తగ్గించండి. ఆ తర్వాత లక్షణాలు కాస్త ఉన్నా కొద్దికొద్దిగా పనులు పెంచాలి. ఏదైనా పని చేసినప్పుడు తలనొప్పి కొద్దిగా పెరిగి గంటలోపు తగ్గిపోతే పరవాలేదు. ఎక్కువగా పెరిగితే ఒక మెట్టు వెనక్కి రండి.

బడి ముందు, ఆట తర్వాత. పూర్తి చదువు ఇబ్బంది లేకుండా సాగాకే ఆటలో చివరి మెట్లు ఎక్కాలి. ఆటకు మెట్లు ఇవి: రోజువారీ పనులు, వేగంగా నడక లాంటి తేలిక వ్యాయామం, ఒంటరిగా పరుగు, ఇతరులను ఢీకొనే అవకాశం లేని సాధన, డాక్టరు అనుమతి తర్వాత పూర్తి సాధన, చివరగా పోటీ. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. మెదడు పూర్తిగా కోలుకోకముందే తలకు రెండో దెబ్బ తగిలితే అది చిన్నదైనా మెదడు ఒక్కసారిగా వాచిపోయే ప్రమాదం ఉంది. ఇది అరుదు, కానీ ప్రాణం తీస్తుంది.

ఎక్కువమంది నాలుగు వారాల్లో కోలుకుంటారు. అత్యవసర విభాగానికి వచ్చిన పిల్లల్లో సుమారు 30 శాతం మందికి మాత్రం నాలుగు వారాల తర్వాత కూడా తలనొప్పి, అలసట, ఏకాగ్రత లోపం లాంటివి మిగులుతాయి. అలా మిగిలితే కంకషన్ తెలిసిన వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. మెడ నొప్పి, కళ్ళు కలిసి పనిచేయకపోవడం, చెవిలోని సమతుల్యత దెబ్బతినడం, నిద్ర పట్టకపోవడం, ప్రమాదం తాలూకు భయం, ఒక్కోదానికి ఒక్కో చికిత్స ఉంది. అన్నింటినీ కలిపి "తలనొప్పి" అని చెబితే ఏదీ తగ్గదు.

12. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. లోపల ఏం చేస్తున్నారు?

దెబ్బ తగిలిన క్షణంలో పోయిన కణాలను ఎవరూ తిరిగి తీసుకురాలేరు. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో వాపు వల్ల, ఆక్సిజన్ తగ్గడం వల్ల, బీపీ పడిపోవడం వల్ల జరిగే రెండో దఫా నష్టాన్ని ఆపడమే ఐసీయూ పని. పుర్రె గట్టి పెట్టె. లోపల వాపు వస్తే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే రక్తం లోపలికి వెళ్ళలేదు.

తీవ్ర గాయమైతే పుర్రెకు సన్నటి రంధ్రం చేసి ఒత్తిడి కొలిచే తీగ పెడతారు. అది 20 మిల్లీమీటర్ల (బీపీలాగే పాదరసం లెక్కన) కంటే తక్కువ ఉండాలని, మెదడుకు రక్తం తోసే ఒత్తిడి కనీసం 40 నుంచి 50 ఉండాలని చూస్తారు. మంచం తల వైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ తిన్నగా ఉంచుతారు. మెడ పక్కకు వాలితే రక్తం బయటకు పోయే సిరలు నొక్కుకుని ఒత్తిడి పెరుగుతుంది. మీరు పక్కన కూర్చున్నప్పుడు తల మీ వైపు తిప్పకపోవడానికి ఇదే కారణం. వాపు తగ్గడానికి 3 శాతం ఉప్పు ద్రావణం ఎక్కిస్తారు. అవసరమైతే మత్తులో ఉంచుతారు, జ్వరం రానివ్వరు. ఏదీ పనిచేయకపోతే పుర్రెలో ఒక ఎముక ముక్క తీసి వాపుకు చోటిచ్చి, తర్వాత మళ్ళీ అమరుస్తారు.

బీపీకి ఒక తేలిక లెక్క ఉంది. ఏడాది నుంచి పదేళ్ళ వయసులో పై అంకె, వయసును రెండుతో గుణించి 70 కలిపినదానికంటే తక్కువైతే ప్రమాదం. ఐదేళ్ళ బిడ్డకు అది 80. మెదడు గాయం ఉన్నప్పుడు అంతకంటే పైనే ఉంచాలని చూస్తారు.

వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ ఇవ్వమని అడిగేవాళ్ళు ఉంటారు. తల గాయానికి అవి ఇవ్వరు. పెద్దలపై జరిగిన క్రాష్ అనే భారీ పరిశోధన 2004లో వెలువడింది, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలోనే మరణాలు ఎక్కువని తేలింది.

13. చిన్న వయసు కదా, మెదడు త్వరగా సర్దుకుంటుంది అంటున్నారు. నిజమేనా?

ఓదార్పుగా చెప్పే మాట ఇది, కానీ తీవ్ర గాయాల విషయంలో తప్పు. చిన్న వయసులో తీవ్రంగా గాయపడిన పిల్లలకే తర్వాత ఎక్కువ ఇబ్బందులు వస్తాయి. పెద్దవాడికి దెబ్బ తగిలేసరికి చదవడం, లెక్క కట్టడం, కోపం అదుపులో పెట్టుకోవడం నేర్చుకుని ఉంటాడు. మూడేళ్ళ బిడ్డ వాటిని ఇంకా నేర్చుకోవాలి, అదీ దెబ్బతిన్న మెదడుతో.

దీనివల్ల వచ్చే చిక్కేమిటంటే లోపం ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. మెదడు ముందు భాగం, అంటే ప్రణాళిక, ఓర్పు, నిగ్రహం చూసే భాగం, ఇరవై ఐదేళ్ళ వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ళప్పుడు ఆ భాగం దెబ్బతింటే నాలుగేళ్ళ వయసులో ఏ తేడా కనిపించకపోవచ్చు, ఆ వయసు బిడ్డ నుంచి ఎవరూ ప్రణాళికను ఆశించరు కాబట్టి. పదేళ్ళు వచ్చి, ఏడు సబ్జెక్టుల హోంవర్కు తనే చూసుకోవాల్సి వచ్చినప్పుడు కుప్పకూలుతుంది. అప్పటికి ప్రమాదం సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు, బిడ్డకు బద్ధకం అనే పేరు వస్తుంది. పిల్లల మెదడు గాయాల్లో మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మధ్యస్థ, తీవ్ర గాయాలైన పిల్లలకు బడిలో చేరేటప్పుడు, ప్రాథమిక చదువు ముగిసి హైస్కూలుకు మారేటప్పుడు, యుక్తవయసులో, కనీసం ఈ మూడు సార్లు న్యూరోసైకాలజిస్టుతో (జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన లాంటి మెదడు పనులను పరీక్షించే నిపుణులు) పరీక్ష చేయించాలి.

14. ఇంటికొచ్చాక మనిషే మారిపోయాడు. మొండితనమా, గాయమా?

ముందు గాయమనే అనుకోండి. ముక్కోపం, కారణం లేని ఏడుపు, ఆగకుండా మాట్లాడటం, నోటికొచ్చింది అనేయడం, ఒక పని మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం, చిన్న పనికే అలిసిపోవడం ఇవన్నీ మెదడు ముందు భాగం గాయాల్లో మామూలే. అరిస్తే, కొడితే ఇవి పెరుగుతాయి. ఒకసారికి ఒకే మాట చెప్పండి. "బ్యాగు సర్దుకుని షూ వేసుకుని నీళ్ళ సీసా తెచ్చుకో" అంటే మొదటిది కూడా జరగదు. రోజు పనులను బొమ్మలతో గోడ మీద అతికించండి, వేళలు మార్చకండి. కోపం ముదరకముందే, అలసట కనిపించగానే పనిని ఆపించండి.

కారు ఎక్కనని మారాం చేయడం, పీడకలలు, ప్రమాదాన్ని బొమ్మ కార్లతో మళ్ళీ మళ్ళీ ఆడటం లాంటివి నెల దాటినా ఉంటే అది ప్రమాదం మిగిల్చిన మానసిక గాయం. మెదడు గాయంతో పాటు ఇదీ ఉండొచ్చు. దీనికి పిల్లల సైకాలజిస్టు అవసరం.

15. బడిలో ఏమేం అడగాలి?

మొదట్లో సగం రోజు బడి. ప్రతి 20, 30 నిమిషాలకు కాసేపు విరామం, పడుకోవడానికి నిశ్శబ్దమైన చోటు. కిటికీ వెలుతురుకు దూరంగా, టీచరుకు దగ్గరగా సీటు. బోర్డు మీద ఉన్నది రాసుకోవడం ఈ పిల్లలకు ఊహించనంత కష్టం: తల ఎత్తి చూడాలి, వాక్యం గుర్తుపెట్టుకోవాలి, తల దించి రాయాలి, మళ్ళీ ఆగిన చోటు వెతుక్కోవాలి. నాలుగో వాక్యానికి తలనొప్పి మొదలవుతుంది. కాబట్టి నోట్సు అచ్చు కాపీ ఇవ్వమనండి. పరీక్షలకు అదనపు సమయం, రోజుకు ఒకటే పరీక్ష అడగండి. ఇవి రాతపూర్వకంగా ఉండాలి, లేకపోతే టీచరు మారగానే పోతాయి.

16. ఫిట్స్ వస్తాయా?

మొదటి వారంలో వచ్చేవి, ఆ తర్వాత వచ్చేవి వేరువేరు. తీవ్ర గాయమైతే మొదటి వారం ఫిట్స్ రాకుండా మందు ఇస్తారు. వారం దాటాక వచ్చే ఫిట్స్‌ను ఆ మందు ఆపదు, కాబట్టి ఎందుకు ఆపేశారని కంగారుపడవద్దు. వారం తర్వాత ఫిట్ వస్తే అది మూర్ఛ వ్యాధిగా మారే అవకాశం ఉంది, చికిత్స మళ్ళీ ఆలోచిస్తారు. ఫిట్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి, నోట్లో ఏమీ పెట్టవద్దు. 5 నిమిషాలు దాటితే అత్యవసరం.

17. ఎదుగుదల మీద ప్రభావం ఉంటుందా?

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతినొచ్చు. మధ్యస్థ, తీవ్ర గాయాల తర్వాత పొడవు పెరగడం ఆగినా, మితిమీరిన దాహం, మూత్రం ఉన్నా, ఎనిమిదేళ్ళలోపు అమ్మాయిల్లో, తొమ్మిదేళ్ళలోపు అబ్బాయిల్లో యుక్తవయసు గుర్తులు కనిపించినా హార్మోన్ పరీక్షలు చేయించాలి. ఆరు నెలలకోసారి పొడవు, బరువు రాసిపెట్టుకోండి.

వినికిడి, చూపు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. పిలిస్తే పలకడం లేదని తిట్లు తినే బిడ్డకు నిజంగానే ఒక చెవి వినబడకపోవచ్చు.

18. ఏ కాగితాలు దాచుకోవాలి?

డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులతో పాటు స్కాన్ చిత్రాల సీడీ, మొదటి రోజు జీసీఎస్ రాసిన కేసు షీటు కాపీ, అంబులెన్సు రికార్డు, ప్రమాదానికి ముందు రెండేళ్ళ ప్రోగ్రెస్ కార్డులు, టీచర్ల వ్యాఖ్యలు. ముందు ఎలా ఉండేవాడో చూపించేవి ఇవే. పై ప్రశ్నల్లో చెప్పిన లక్షణాల్లో కనిపించినవాటిని తేదీలతో ఒక పుస్తకంలో రాయండి. బీమా, పరిహారం విషయంలో తొందరపడి తుది ఒప్పందంపై సంతకం చేయకండి. కొన్ని లోపాలు ఏళ్ళ తర్వాతే తెలుస్తాయని పైన చెప్పాం. గడువులు మాత్రం ప్రతిచోటా వేరుగా ఉంటాయి కాబట్టి వాటి గురించి న్యాయవాదిని మొదటి నెలల్లోనే అడగండి.

19. దగ్గరి ప్రయాణమే కదా, ఒళ్ళో పట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు 0.1 సెకనులో ఆగితే 10 కిలోల బిడ్డను పట్టుకోవడానికి మీ చేతులు దాదాపు 140 కిలోల బరువు ఆపినంత బలం చూపాలి. ఎంత ప్రేమ ఉన్నా చేతులు ఆపలేవు. మీరు కూడా బెల్టు లేకుండా ఉంటే మీ బరువు బిడ్డ మీద పడుతుంది.

సీటు అనుమతించిన బరువు, పొడవు దాకా వీలైనన్ని రోజులు వెనక వైపు తిరిగి ఉండే సీటు వాడండి, కనీసం రెండేళ్ళ దాకా. అప్పుడు ఢీకొన్న దెబ్బ వీపంతా పంచుకుంటుంది, మెడ ఒక్కటే మోయదు. ముందు ఎయిర్ బ్యాగ్ పనిచేస్తున్న సీటులో అలాంటి సీటును ఎప్పుడూ పెట్టకూడదు. పట్టీలు బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. వెనక వైపు తిరిగిన సీటులో పట్టీ భుజం ఎత్తులో లేదా కిందనుంచి, ముందు వైపు తిరిగిన సీటులో భుజం ఎత్తులో లేదా పైనుంచి రావాలి. బెల్టు దూరే చోట సీటును పట్టి ఊపితే 2.5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. మందమైన స్వెటర్ మీద పట్టీ బిగిస్తే లోపల ఖాళీ ఉండిపోతుంది, స్వెటర్ తీసి పట్టీ బిగించి పైన కప్పండి. సుమారు 145 సెంటీమీటర్ల పొడవు వచ్చేదాకా బూస్టర్ సీటు అవసరం. లేకపోతే బెల్టు తుంటి ఎముకను వదిలి మెత్తటి పొట్ట మీద, భుజాన్ని వదిలి మెడ మీద పడుతుంది.

20. ప్రమాదంలో ఉన్న కార్ సీటును మళ్ళీ వాడొచ్చా?

మధ్యస్థ, తీవ్ర ప్రమాదం అయితే వద్దు, పైకి బాగున్నా లోపలి ప్లాస్టిక్‌లో సన్న పగుళ్ళు ఉండొచ్చు. స్వల్ప ప్రమాదం అనడానికి ఐదు షరతులూ కలిసి రావాలి: కారును అక్కణ్నుంచి నడుపుకుంటూ వెళ్ళగలగడం, సీటుకు దగ్గరి తలుపు దెబ్బతినకపోవడం, కారులో ఎవరికీ గాయం కాకపోవడం, ఎయిర్ బ్యాగులు తెరుచుకోకపోవడం, సీటులో ఏ లోపమూ కంటికి కనిపించకపోవడం. ఒక్కటి తప్పినా మార్చండి. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఎలాంటి ప్రమాదమైనా మార్చమని ఉంటే దాన్నే పాటించండి. పారేసే ముందు పట్టీలు కత్తిరించండి, ఎవరో ఏరుకుని తమ బిడ్డకు వాడకుండా.